మాయ ఎవరిది?

మీ ఇంట్లోనో, ఇరుగుపొరుగు ఇళ్ళలోనో గేదె ఈనడం ఎప్పుడైనా చూశారా? దూడ నేలమీద పడగానే పిల్లలంతా దాని చుట్టూ మూగుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం గేదె దగ్గరనుంచి కదలరు. వాళ్ళు ఇంకొకదానికోసం ఎదురుచూస్తూ ఉంటారు. కొన్ని గంటలకు అదీ పడుతుంది. "అమ్మయ్య, మాయ పడింది" అని అప్పుడు ఊపిరి పీల్చుకుంటారు. దాన్ని కుక్కలు లాగకుండా తీసుకుపోయి దూరంగా పాతిపెడతారు.

ఆ మాయ ఎవరిది? గేదెదా, దూడదా?

గేదె కడుపులోనుంచి వచ్చింది కాబట్టి గేదెదే అని మీరు అనవచ్చు. అలా అయితే దూడ కూడా గేదె కడుపులోనుంచే వచ్చింది కదా! నిజానికి ఆ మాయ దూడది. దూడ ఏ ఒక్క కణంనుంచి పుట్టిందో, మాయ కూడా ఆ కణంనుంచే పుట్టింది. మనుషులలోనూ దాదాపు ఇంతే. మీరు పుట్టినప్పుడు మీ వెనకే సుమారు అరకిలో బరువున్న మాయ బయటికి వచ్చింది. అందులో ఎక్కువ భాగం మీదే. తొమ్మిది నెలలపాటు అదే మీకు ఊపిరితిత్తి, అదే పేగు, అదే మూత్రపిండం. పని తీరగానే దాన్ని పారేశారు.

ఒకే కణం సంతతిలో కొన్ని కణాలు మీరయ్యారు, కొన్ని మాయ అయ్యాయి. ఈ పంపకం ఎవరు చేశారు? ఏ లెక్కన చేశారు? శాస్త్రజ్ఞులను ఎన్నో ఏళ్ళు వేధించిన ప్రశ్న ఇది.

కోడిగుడ్డుకున్న ధీమా మనకు లేదు

కోడిపిల్ల గుడ్డులో 21 రోజులు పెరుగుతుంది. ఆ రోజులకు కావలసిన తిండి అంతా పచ్చసొన రూపంలో ముందే మూటకట్టి ఉంటుంది. చాలా క్షీరదాల అండంలో అటువంటి మూట లేదు. మనిషి అండం వ్యాసం మిల్లీమీటరులో పదోవంతు. చిట్టెలుక అండం అంతకంటె కొంచెం చిన్నది. అందులో ఉన్న సరుకు కొద్దిరోజులకు మించి రాదు. ఈలోగా పిండం తల్లి గర్భాశయాన్ని అంటిపెట్టుకుని ఆమె రక్తంనుంచి పోషణ తెచ్చుకోవాలి. లేకపోతే అంతే సంగతులు.

అందుకే క్షీరదాల పిండం గుండెనో మెదడునో ముందుగా తయారుచేసుకోదు. ముందు తల్లితో సంబంధం కలిపే కణాలను తయారుచేసుకుంటుంది. ఇంటి పునాది పడ్డాకే మనిషి అందులో కాపురం పెట్టినట్టన్నమాట.

మొదటి నాలుగు రోజులు

ఈ కథలో ముఖ్యపాత్ర చిట్టెలుకది. ఎందుకంటే మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం దాని పిండాలనుంచే తెలిసింది. 1958లో ఆన్ మెక్లారెన్, జాన్ బిగ్గర్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బ్రిటన్‌లో ఒక పని చేశారు. చిట్టెలుక పిండాలను తల్లి కడుపులోనుంచి తీసి, గాజుపాత్రలో రెండు రోజులు పెంచి, వేరే ఎలుక గర్భాశయంలో ప్రవేశపెట్టారు. మామూలు పిల్లలే పుట్టాయి. అంటే తొలిరోజుల పిండాన్ని తల్లి బయట, సూక్ష్మదర్శిని కింద, మన కళ్ళెదుటే పెరగనివ్వవచ్చు!

అక్కడ ఏం కనిపిస్తుందో చూడండి. ఫలదీకరణ అయిన అండం రెండు కణాలుగా చీలుతుంది. రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. తొందరేమీ లేదు. కప్ప పిండంలో తొలి కణాలు అరగంటకొకసారి చీలుతాయి. చిట్టెలుక పిండం మొదటిసారి చీలడానికే ఇంచుమించు ఒకరోజు పడుతుంది. పిండం చుట్టూ ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. దానిలోపలే ఈ చీలిక జరుగుతుంది కాబట్టి కణాల సంఖ్య పెరుగుతుందే గాని పిండం సైజు పెరగదు. ఒక్కొక్క కణమూ చిన్నదవుతూ పోతుంది.

ఎనిమిది కణాలు అయ్యేవరకు అవి ద్రాక్షగుత్తిలా విడివిడిగా, గుండ్రంగా కనిపిస్తాయి. ఆ తరవాత ఒక విచిత్రం జరుగుతుంది. కొద్ది గంటలలో కణాలన్నీ ఒకదానినొకటి గట్టిగా కరుచుకుని, బల్లపరుపుగా ఒత్తుకుని, ఒకే ముద్దలా అయిపోతాయి. ఏ కణం ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. వాటిని అలా అతికించే పదార్థం ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీను. అది పనిచేయడానికి కాల్షియం కావాలి. పాత్రలోని ద్రవంనుంచి కాల్షియం తీసేస్తే కణాలు పట్టు వదిలేస్తాయి. మళ్ళీ కలిపితే మళ్ళీ కరుచుకుంటాయి.

నాలుగో రోజుకు ముద్ద మధ్యలో నీరు ఊరుతుంది. బయటి కణాలు సోడియం అయాన్లను లోపలికి తోడుతుంటే, వాటి వెంబడి నీరు కూడా వచ్చి చేరుతుంది. దాంతో పిండం నీళ్ళు నింపిన బుడగలా ఉబ్బుతుంది. బుడగ గోడకు లోపలివైపు, ఒక మూల, కొన్ని కణాలు గుంపుగా అంటుకుని ఉంటాయి. ఈ దశకు బ్లాస్టోసిస్టు అని పేరు. మనిషి పిండం ఈ దశకు ఐదో రోజున చేరుతుంది.

ఇప్పుడు పిండంలో మొదటిసారి రెండు రకాల కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. గోడకట్టిన కణాలను ట్రోఫోబ్లాస్టు అంటారు. గ్రీకు భాషలో ట్రోఫే అంటే పోషణ. పేరుకు తగ్గట్టే మాయలో ముఖ్యభాగం వీటినుంచే వస్తుంది. మూలనున్న గుంపును లోపలి కణరాశి అంటారు. బిడ్డ శరీరం రావలసింది అందులోనుంచే.

మట్టి ఉండలతో చూడండి

తడిపిన బంకమట్టితో గోలీలంత ఉండలు ఎనిమిది చేయండి. వాటిని కలిపి మెల్లగా ఒత్తండి. ఇప్పుడు ముద్దను తిప్పి చూస్తే ప్రతి ఉండా ఏదో ఒక పక్క బయటికి కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా మరుగున పడింది ఒక్కటీ ఉండదు. ఇప్పుడు 32 ఉండలతో అదే పని చేయండి. ముద్దను విడదీస్తే మధ్యలో కొన్ని ఉండలు దొరుకుతాయి. వాటికి నలుదిక్కులా సాటి ఉండలే తప్ప బయటి ప్రపంచం లేదు.

పిండంలోనూ ఇలాగే ఉంటుంది. ఎనిమిది కణాల దశలో లోపలివి అంటూ లేవు. 16 కణాలు అయ్యేసరికి కొన్ని లోపలికి చేరతాయి. 32 అయ్యేసరికి మరికొన్ని చేరతాయి. లోపల పడ్డవే బిడ్డ కణాలవుతాయి. బయట మిగిలినవి మాయ కణాలవుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. లోపల ఉన్నందువల్ల ఆ కణం బిడ్డ కణం అయిందా? లేక బిడ్డ కణం కావాలని ముందే రాసిపెట్టి ఉన్నందువల్ల లోపలికి చేరిందా? చూసినంత మాత్రాన ఇది తేలదు. కణాలను కదిపి చూడాలి.

సగం పిండం, జంట పిండం

పోలండ్ శాస్త్రజ్ఞుడు ఆండ్రె టార్కోవ్‌స్కీ 1959లో ఆ పనే చేశాడు. చిట్టెలుక పిండం రెండు కణాల దశలో ఉండగా సన్నని గాజుసూదితో ఒక కణాన్ని పొడిచి చంపాడు. మిగిలిన ఒక్క కణాన్ని పెంపుడుతల్లి గర్భంలో పెట్టాడు. సగం ఎలుక పుట్టలేదు, పూర్తి ఎలుకే పుట్టింది! 1961లో దీనికి తలకిందులు పనిచేశాడు. రెండు పిండాలను ఒకదానికొకటి అతికించాడు. రెండు తలల వింత జంతువు రాలేదు. రెండూ కలిసిపోయి ఒకే పిండంగా పెరిగాయి. అమెరికాలో బియాట్రిస్ మింట్జ్ నల్లజాతి, తెల్లజాతి పిండాలను ఇలాగే కలిపి, ఒంటిమీద నల్లని, తెల్లని చారలున్న ఎలుకలను పుట్టించింది. ఒక్కొక్క ఎలుకకు ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు!

ఎవరి పని ఏమిటో ముందే రాసిపెట్టి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. సగం పోతే సగం పనులు ఆగిపోవాలి. రెండు కలిస్తే అన్నీ రెండేసి రావాలి.

టార్కోవ్‌స్కీ గమనించిన మరో సంగతి ఇంకా విలువైనది. ఎనిమిది కణాల పిండంనుంచి ఒకే కణాన్ని వేరుచేసి పెంచితే, చాలాసార్లు అది ఒట్టి బుడగ అవుతుంది. గోడ ఉంటుంది, లోపల కణాలు మాత్రం ఉండవు. ఎందుకో మీ మట్టి ఉండలను అడగండి. కణాలు మరీ తక్కువైతే లోపల పడడానికి ఒక్కటీ మిగలదు. 1967లో టార్కోవ్‌స్కీ, అతని సహచరి వ్రుబ్లెవ్‌స్కా కలిసి ఒక ఊహ ప్రతిపాదించారు. కణం భవిష్యత్తును నిర్ణయించేది దాని పుట్టుక కాదు, అది ఉన్న చోటు అని.

ఊహ ఎంత అందంగా ఉన్నా పరీక్షకు నిలవాలి. 1972లో హిల్మన్, షెర్మన్, గ్రాహం అనే ముగ్గురు దాన్ని పరీక్షించారు. ఒక పిండంలోని కణాలకు గుర్తుపెట్టి, వాటిని ఇతర పిండాల వెలుపల అతికించారు. గుర్తున్న కణాలు ఎక్కువగా ట్రోఫోబ్లాస్టులో తేలాయి. అటువంటి కణాల చుట్టూ అన్నివైపులా వేరే కణాలను పేర్చి కప్పేశారు. ఈసారి అవి లోపలి కణరాశిలో తేలాయి. కణాలు అవే. మారింది చోటు ఒక్కటే.

కణానికి తన చోటు ఎలా తెలుస్తుంది?

కణానికి కళ్ళు లేవు. మరి తాను లోపల ఉన్నదీ బయట ఉన్నదీ ఎలా తెలుసుకుంటుంది? దీనికి జవాబు దొరకడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది.

బయటి కణానికి ఒక ముఖం ఖాళీగా ఉంటుంది. దాన్ని ఎవరూ తాకడం లేదు. లోపలి కణానికి అన్నివైపులా ఇరుగుపొరుగువాళ్ళే. ఈ తాకిడే కబురు. కణంలో యాప్ అనే ప్రోటీను ఉంది. కణం అన్నివైపులా తాకిడిలో ఉంటే హిప్పో అనే రసాయన చర్యల వరస మేలుకుని, యాప్‌ను కేంద్రకంలోకి పోకుండా ఆపుతుంది. ఖాళీ ముఖమున్న బయటి కణాలలో ఆ అడ్డు ఉండదు. యాప్ కేంద్రకంలోకి వెళ్ళి సీడీఎక్స్-2 అనే జన్యువును మేల్కొల్పుతుంది. ఆ జన్యువు కణాన్ని మాయ దారి పట్టిస్తుంది. జపాన్ శాస్త్రజ్ఞులు 2009లో ఈ సంగతి బయటపెట్టారు.

లోపలి కణాలకు ఆక్ట్-4 అనే జన్యువు కాపలా. 1998లో ఆ జన్యువు లేని ఎలుక పిండాలను పరీక్షించారు. బుడగ మామూలుగానే ఏర్పడింది, లోపల కణాలూ ఉన్నాయి. కాని అవి కూడా మాయ దారే పట్టాయి. ఇంట్లో అందరూ గోడలే కట్టారు, కాపురం ఉండేవాళ్ళు లేకపోయారు.

అయితే ఈ నిర్ణయం ఒక్క దెబ్బతో జరిగేది కాదు. 16 కణాల దశలో కణం చోటు మారిస్తే అది బుద్ధి మార్చుకోగలదు. చిట్టెలుకలో బ్లాస్టోసిస్టు పెరిగేకొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. మనిషి పిండంలో లోపలి కణాలకు ఈ తలుపు ఇంకొంతకాలం తెరిచే ఉంటుందని 2021లో తెలిసింది.

రెండో పంపకం

లోపలి కణరాశి కూడా ఎక్కువకాలం ఒకే రకంగా ఉండదు. గర్భాశయానికి అంటుకునేలోగా అది మళ్ళీ రెండు రకాలుగా విడిపోతుంది. శరీరాన్నిచ్చే కణాలు ఒక రకం. వాటికి ఎపిబ్లాస్టు అని పేరు. రెండో రకం కణాలు బుడగలోని నీటివైపు పొరలా పరుచుకుంటాయి. పక్షుల గుడ్డులో సొన చుట్టూ ఉండే సంచివంటిదాన్ని అవి తయారుచేస్తాయి. మన అండంలో సొన లేకపోయినా సొనసంచి మాత్రం మిగిలింది చూడండి!

ఈసారి పంపకం చోటును బట్టి మొదలు కాదు. తెలుగు పాఠంలో తిలతండుల న్యాయం గురించి చదివే ఉంటారు. నువ్వులూ బియ్యమూ కలిపినా దేనికదే గుర్తుపట్టేటట్టు ఉంటాయి. లోపలి కణరాశిలోనూ మొదట రెండు రకాలూ అలాగే కలగలిసి ఉంటాయి. కొన్ని కణాలలో నానాగ్ అనే జన్యువు, కొన్నింటిలో గాటా-6 అనే జన్యువు పైచేయి అవుతుంది. ఆ తరవాత, చేటలో చెరిగినట్టు, రెండూ వేరుపడి ఎవరి చోటికి వాళ్ళు చేరతారు. కెనడాలో జానెట్ రోసెంట్ ప్రయోగశాల 2006లో దీన్ని చూపించింది.

ఇప్పటికి మొత్తం మూడు రకాలు. ఒకటి మాయకు, ఒకటి సొనసంచికి, ఒకటి శరీరానికి. మెదడు, గుండె, ఎముక, చర్మం అన్నీ ఎపిబ్లాస్టులోని ఆ కొద్దిపాటి కణాలనుంచే రావాలి.

మాయే కాపలా

పారేసే కణాలు కదా అని మాయ కణాలను తక్కువగా చూడకండి. బిడ్డలో సగం తండ్రినుంచి వచ్చింది. ఆ లెక్కన తల్లి శరీరానికి బిడ్డ పరాయిదే. వేరొకరి చర్మం అతికిస్తే తోసేసే శరీరం, బిడ్డను తొమ్మిది నెలలు ఎలా భరిస్తుంది? ఈ ప్రశ్నను 1953లో పీటర్ మెడవార్ అడిగాడు.

జవాబులో ఒక భాగం రోసెంట్ బృందం ఎలుకలతో చేసిన ప్రయోగంలో దొరికింది. ఆసియాలో వరిపొలాలలో తిరిగే క్యారోలి అనే ఎలుక జాతి ఉంది. దాని పిండాన్ని మామూలు చిట్టెలుక గర్భంలో పెడితే మధ్యలోనే చచ్చిపోతుంది. వీళ్ళు క్యారోలి పిండంలోని లోపలి కణరాశిని తీసి, దానికి మామూలు చిట్టెలుక ట్రోఫోబ్లాస్టును తొడిగారు. 1982లో ప్రకటించిన ఫలితం ప్రకారం క్యారోలి పిల్లలు ప్రాణాలతో పుట్టాయి. తల్లి తాకేది ట్రోఫోబ్లాస్టునే. అది తన జాతిదైతే లోపల ఉన్నది పరాయి జాతిదైనా ఆమె గర్భం మోసింది.

కవలల సాక్ష్యం

మీకు తెలిసిన ఏకరూప కవలలు ఉన్నారా? ఒకే అండంనుంచి వచ్చినవాళ్ళు వాళ్ళు. అటువంటి కవలలలో సుమారు మూడింట ఒక వంతు జంటలకు ఎవరి మాయ వాళ్ళకు ఉంటుంది. మిగిలినవాళ్ళు ఒకే మాయను పంచుకుంటారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. మొదటి పంపకం జరగకముందే పిండం రెండుగా విడిపోతే రెండు ఇళ్ళు ఏర్పడతాయి. ట్రోఫోబ్లాస్టు ఏర్పడ్డాక లోపలి కణరాశి మాత్రమే రెండయితే ఇల్లు ఒకటే, కాపురాలు రెండు. ఒకే మాయనుంచి ఇద్దరికీ రక్తం అందాలి కాబట్టి అటువంటి గర్భాలను వైద్యులు మరింత జాగ్రత్తగా చూస్తారు.

వైద్యుల చేతిలో

ఈ జ్ఞానం ఆసుపత్రులకు చేరింది. గర్భం వచ్చిందో లేదో చెప్పే మూత్రపరీక్ష పసిగట్టేది ట్రోఫోబ్లాస్టు కణాలు తయారుచేసే హార్మోనునే. 1978 జూలై 25న ఇంగ్లండులో, శరీరం బయట ఫలదీకరణ జరిగిన తొలి శిశువు లూయీ బ్రౌన్ పుట్టింది. ఆ ఏడాదే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషివల్ల దుర్గ పుట్టింది. ఆయన పిండాన్ని ఎనిమిది కణాల దశలో అతిశీతలంలో భద్రపరిచి తరవాత తల్లి గర్భంలో పెట్టాడు. ఎనిమిది కణాలంటే మొదటి పంపకం ఇంకా జరగని దశ. అప్పటి అధికారులు ఆయనను నమ్మలేదు. ఆయన 1981లో ప్రాణాలు తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళు గడిచాక, ఆయన రాతప్రతులు చదివిన తోటి శాస్త్రజ్ఞులు ఆయన చెప్పింది నిజమని ఒప్పుకున్నారు.

ఈనాడు వంశపారంపర్య వ్యాధులున్న కుటుంబాలకు వైద్యులు మరో సాయం చేస్తున్నారు. ఐదారు రోజుల పిండంనుంచి కొన్ని ట్రోఫోబ్లాస్టు కణాలను తీసి పరీక్షిస్తారు. బిడ్డ కావలసిన లోపలి కణాల జోలికి పోరు. మాయ కణాలకూ బిడ్డ కణాలకూ పుట్టుక ఒకటే కాబట్టి, గోడను అడిగితే ఇంట్లోవాళ్ళ సంగతి చాలావరకు తెలుస్తుంది.

మూడూ కలిస్తేనే

1981లో మార్టిన్ ఇవాన్స్, మాథ్యూ కాఫ్మన్ ఇంగ్లండులోను, గెయిల్ మార్టిన్ అమెరికాలోను చిట్టెలుక పిండంలోని శరీర కణాలను గాజుపాత్రలో ఎడతెగకుండా పెంచగలిగారు. వీటినే పిండ మూలకణాలు అంటారు. 1998లో మాయ మూలకణాలను, 2005లో సొనసంచి కణాలను కూడా అలాగే పెంచగలిగారు.

శరీరంలోని ఏ భాగాన్నయినా ఇవ్వగల కణాలు చేతికొచ్చాయి కదా, ఇక ఎలుకను పాత్రలోనే పెంచవచ్చని మీకు అనిపించవచ్చు. కాని పిండ మూలకణాలను ఒంటరిగా ముద్దచేసి వదిలితే ఎక్కడో ఒక నరం, ఎక్కడో కొట్టుకునే గుండె కణాలు వస్తాయే గాని, తలకూ తోకకూ పొంతన ఉండదు. 2022లో ఇంగ్లండులోను, ఇజ్రాయెల్‌లోను శాస్త్రజ్ఞులు మూడు రకాల కణాలనూ కలిపి చూశారు. ఈసారి ఆ ముద్దలో కొన్ని తమంతట తామే సర్దుకున్నాయి. తల ఒకవైపు, తోక ఒకవైపు, మధ్య కొట్టుకునే గుండెతో, ఎనిమిదిన్నర రోజుల ఎలుక పిండాన్ని పోలిన రూపం వచ్చింది. అంతకుమించి పెరగలేదు. ఎలుక పుట్టలేదు.

ఆ ప్రయోగం చెప్పే సంగతి ఇది. మాయ కణాలూ సొనసంచి కణాలూ బిడ్డకు తిండి పెట్టి ఊరుకోవడం లేదు. తల ఎటు ఉండాలో, తోక ఎటు ఉండాలో కూడా శరీర కణాలకు అవే కబురు చేస్తున్నాయి. పని తీరగానే మనం పాతిపెట్టే ఆ మాయ, మన ఒంటికి తొలిపాఠం చెప్పిన తోబుట్టువు.